సార్టెక్స్ బియ్యం

జక్కూరు రన్‌వే వెనక రేకుల షెడ్డులో మా తరగతి.
వాన పడితే నా మాట నాకే వినపడదు.
ఈసారి పదకొండు మంది. పట్టాల మీద సిరా ఇంకా తడి.
అందరి చేతులూ మెత్తన.
తప్పని కాదు, చెబుతున్నానంతే.

మొదటి వారమే ఏఐ ముందు కూర్చోబెట్టమని పైనుంచి ఉత్తరం.
ఇంజన్ కడుపులోకి సన్నటి గొట్టం దించుతాం,
దాని కొసన ఒక కన్ను.
రేషన్ క్యూలో మనుషుల్లా
ఒకదాని వెనక ఒకటి బ్లేడ్లు తెర మీదికొస్తాయి.
ఆకుపచ్చ గడి పడుతుంది: బాగుంది, తొంభై ఏడు శాతం.
ఎక్కడో ఒకదాని మీద ఎర్ర గడి.
ముప్పై నాలుగేళ్ళు నేను మెడ వంచి చూసిన చూపు
టీ చల్లారేలోపు అది చూసేస్తుంది.

హంసవేణి, శ్రీనివాసపురం పిల్ల, మార్కుల్లో మొదటిది,
గ్రీన్, నెక్స్ట్, గ్రీన్, నెక్స్ట్ అంటూ
పావుగంటలో డెబ్బై రెండూ దాటేసింది.
"నలభై ఒకటోది ఎందుకు బాగుంది?" అన్నాను.
తెర వైపు చూసింది. "గ్రీన్ ఉంది కదా సార్."
"అది దాని మాట. నీ మాట?"
వెనక బెంచీలో నాచప్ప నవ్వబోయి ఆపుకున్నాడు.
వాడికీ తెలీదు మరి.

మా ఇంట్లో ఇప్పుడు సార్టెక్స్ బియ్యం.
మిల్లులో యంత్రం గింజ గింజ మీదా కన్నేసి
రాయి కనపడితే గాలితో ఊది పారేస్తుందట.
చేట అటకెక్కి ఎన్నాళ్ళో అయింది.
అయినా మా ఆవిడ కడిగేముందు
గిన్నెలో చెయ్యి పెట్టి ఒకసారి కలయబెడుతుంది.
ఎందుకే అంటే,
"పన్ను విరిగేది మిల్లుకు కాదు గదా" అంటుంది.

ఈ సంగతి చెబితే పిల్లలు నోట్సులో రాసుకున్నారు.
రాసుకునే సంగతా అది!

మర్నాడు పాడైన బ్లేడ్లు ట్రేలో పోసి
దీపాలార్పి చేతికిచ్చాను.
అంచు మీద గోరు నడిపించండి, ఆగినచోట చెప్పండి.
గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవద్దంటారే,
ఇంజన్ల దగ్గర అది సామెత కాదు, పనిముట్టు.
ఫిరోజ్ వేలు తెగింది.
రుమాలు చుట్టుకుని మళ్ళీ మొదలెట్టాడు.
హంసవేణి గోరు ఒకచోట ఆగింది.
వెనక్కెళ్ళింది. మళ్ళీ అక్కడే ఆగింది.
"ఇక్కడేదో... పట్టింది సార్."
దీపం వేశాం. వెంట్రుకంత పగులు.
దాన్నే తెర ముందు పెడితే
రెప్పపాటులో ఎర్ర గడి.
"అదీ పట్టుకుంది సార్!" నాచప్ప.
అవున్రా. పట్టుకుంది.

ఇంకోటి కూడా ఉంది.
పోయిన ఆగస్టులో నా కన్ను దాటేసిన పగుల్ని
పట్టుకున్నది అదే.
శుక్లాల ఆపరేషన్ అయ్యాక, కొత్త కళ్ళద్దాలతో కూడా
నేను బాగుందని రాసిన బ్లేడు.
చెప్పాలా వద్దా అని మూడు రోజులు నమిలాను.
నాలుగో రోజు చెప్పేశాను.
షెడ్డంతా గమ్మునైపోయింది.
"అయితే మేమెందుకు సార్?" అంది హంసవేణి, మెల్లగా.

నా దగ్గర పెద్ద జవాబేమీ లేదు.
ఫారం తీసి చూపించాను.
అడుగున ఒక గీత. గీత కింద: పరీక్షించినవారు.
అక్కడ శాతం రాయడానికి చోటుండదు.
పేరే పట్టేంత.

సాయంత్రం తాళం వేయబోతే
ఒక తెర ఇంకా వెలుగుతోంది.
నలభై ఒకటోది.
తొంభై ఏడు మీద
సున్నా రూపాయల బస్సు టికెట్టు అంటించి చూస్తోంది.
"ఇది బాగుంది సార్."
ఎందుకని నేను అడగలేదు.
తనే మొదలెట్టింది, అంచు నుంచి, మొదలు దాకా,
మధ్యలో ఒక మరకను మసి అని నిరూపించడానికి
పది నిమిషాలు పట్టింది.

యలహంక బస్సు ఇద్దరికీ తప్పిపోయింది.